మలావీలో నా కూత

నేను ఒక ప్రెషర్ కుక్కర్‌ని. మా జాతికి ఒక చెడ్డ గుణం ఉంది. కడుపులో ఉన్నది దాచుకోలేం. ఆవిరి నిండిందంటే ఊరంతా వినేట్టు కూస్తాం. మనుషులకు ఆ ఇబ్బంది లేదు. లోపల ఏది ఉడుకుతున్నా పైకి స్తోత్రం పలకడం వాళ్ళకు బాగా వచ్చు.

కోయంబత్తూరులో అల్యూమినియం రేకును అచ్చులో పెట్టి నొక్కితే పుట్టాను. నంద్యాల బజారులో ఒక పాత్రల కొట్టు అటక మీద కొన్నాళ్ళు దుమ్ము తాగాను. కోయిలకుంట్ల పక్క పల్లెలోని సంఘం ఆడవాళ్ళు చందాలు వేసుకుని నన్ను కొని, ఎర్రకాగితం చుట్టి, పాస్టరు ఏలియాగారి భార్య దీనమ్మ చేతిలో పెట్టారు. ఏలియాగారు మూడు నెలల సువార్త యాత్రకు ఆఫ్రికాలోని మలావీ దేశానికి బయలుదేరుతున్నారు. వీడ్కోలు కూడికలో సంఘపెద్ద మైకు పట్టుకుని, "మన అయ్యగారు చీకటి దేశానికి వెలుగు తీస్కపోతాండారు" అన్నాడు. వెలుగు సంగతి నాకు తెలియదు. పెట్టెలో నేను చూసినవి సోనా బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుకారం, రెండు సీసాల ఆవకాయ. తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టు వాటి మధ్య నన్ను కూడా కుక్కారు.

చీకటి దేశంలో దిగేసరికి పట్టపగలు. మేం చేరిన పల్లెలో ఇటుకల గుడి ఒకటి అప్పటికే ఉంది. ఆ సంఘానికి పెద్ద ఫోస్టర్ అనే ముసలాయన. బళ్ళో పంతులుగా చేసి దిగిపోయినవాడు, ఇంగ్లీషు వచ్చినవాడు, మా అయ్యగారి మాటలు ఊరివాళ్ళకు తిప్పి చెప్పవలసినవాడు. "మా తాతగారు ఈ గుడిలోనే బాప్తిస్మం పొందారు" అని ఆయన వినయంగా చెబుతుంటే ఏలియాగారి ముఖం చూడాలి. కోయిలకుంట్లలో గుడి లేని రోజుల్లోనే ఇక్కడ కీర్తనలు పాడారన్నమాట. తెచ్చిన వెలుగు ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన చేతిసంచీని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నారు.

మాకు గుడి వెనక రెండు గదుల ఇల్లు ఇచ్చారు. అతిథులకు రోజూ రాత్రి భోజనం నేను పెడతానని ఎనెలేస్ అనే ముసలి విధవరాలు అడిగి మరీ బాధ్యత తీసుకుంది. మొదటి సాయంత్రం ఆమె గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళెం పట్టి, ఇద్దరి చేతుల మీదా నీళ్ళు పోసింది. మూత తీసింది. తెల్లటి మొక్కజొన్న ముద్ద, పక్కన వేరుశనగ పొడి వేసి వండిన గుమ్మడాకు. వాళ్ళు ఆ ముద్దను న్సీమా అంటారు. మెత్తగా రెండుసార్లు చప్పట్లు తట్టి, దణ్ణంలాంటిదే అది, ఆమె వెళ్ళిపోయింది. అతిథి తింటుంటే చూడడం అక్కడ మర్యాద కాదు.

దీనమ్మ ముద్దను వాసన చూసి నవ్వింది. "అయ్యగారూ, ఇది సంగటే గదా! మా జేజి చేసిన జొన్న సంగటి మాదిరే ఉండాది."

"సంగటి తినేదానికేనా ఇంత దూరం వచ్చింది?" అన్నారు ఏలియాగారు. "హాస్టల్లో నన్ను సంగటి ముద్ద అని పిలిచేటోళ్ళు. దాన్ని ఇడిసిపెట్టి ఎన్నేండ్లాయ! మళ్ళా దాంట్లోకి పోవాల్నా? కుక్కరు పెట్టు."

పాపం, ఆ మాట అంటూ ఆయన ముద్ద వైపు చూడకుండా ముఖం పక్కకు తిప్పుకున్నారు. నాకూ జాలి వేసింది. ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు. ఎందుకంటే ఆయన లేచి, ముద్దనీ కూరనీ వెనక గుమ్మం దగ్గర కట్టేసి ఉన్న మేక ముందు పోశారు. ముద్ద మింగుడుపడని మనిషి పరలోకానికి దారి చూపిస్తాడట. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని మన పెద్దలు ఊరికే అనలేదు.

అది మొదలు రోజూ అదే తంతు. ఎనెలేస్ తెస్తుంది, మోకరిస్తుంది, వెళుతుంది. మేక తింటుంది. నేను కూస్తాను. ఖాళీ గిన్నె కడిగి తిరిగి ఇచ్చేటప్పుడు అయ్యగారు పొట్ట నిమురుకుని ఆమెకు చూపించేవారు. ఆమె ముసిముసిగా నవ్వేది. దీనమ్మ ఆ సమయానికి ఏదో పని కల్పించుకుని లోపలికి పోయేది.

వాళ్ళకు తెలియనివి రెండున్నాయి. తర్వాత నేను ఎనెలేస్ వంటింటికి చేరాక అవి నా చెవిన పడ్డాయి. అవి కంకి ఇంకా పాలు పట్టని నెలలు, గాదెలు అడుగంటే కాలం. ఊళ్ళో అందరూ ఒంటిపూట తింటున్నారు. మేక మేసింది ఆ ముసలామె తన పూట మానుకుని పెట్టిన ముద్ద. రెండోది ఇంకా చేటు. గిన్నె లోపలికి పోయాక కూత వినిపిస్తుంది, వేరే వంట వాసన వస్తుంది, వెనక గుమ్మం దగ్గర మేక మూతికి న్సీమా అంటుకుని ఉంటుంది. ఊరు ఊరికే ఉంటుందా? "అతిథులు ఆమె చేతి కూడు తినడానికి జంకుతున్నారు. దైవజనుడు కదా, ఆయనకు ఏదో కనిపించి ఉంటుంది" అనుకున్నారు. ఒంటరి ముసలిదాని మీద చేతబడి మాట వేయడానికి ఏ దేశంలోనైనా ఎంతసేపు పడుతుంది? మన సీమ పల్లెలేమైనా తక్కువ తిన్నాయా? బోరింగు దగ్గర ఎనెలేస్ వస్తే ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పక్కకు జరగడం మొదలుపెట్టారు. పిల్లల్ని ఆమె వాకిట్లోకి పోనివ్వడం మానేశారు.

ఒక ఆదివారం ఏలియాగారు తనకు బాగా ఇష్టమైన ప్రసంగం ఎత్తుకున్నారు. సారెపతు విధవరాలి కథ. కరువులో తన చివరి పిడికెడు పిండితో రొట్టె చేసి ఏలీయా ప్రవక్తకు పెట్టిన పేదరాలు. పేరు కలిసింది కదా అని మా అయ్యగారు ఆ కథ చెప్పని ఊరు లేదు. దీనమ్మ నన్ను పెరట్లో సన్నని సెగ మీద పెట్టి గుడికి వెళ్ళింది. కిటికీలు తెరిచే ఉన్నాయి కాబట్టి నాకు అంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది.

"ప్రవక్త ఆ పేదరాలి రొట్టె తిన్నాడు!" అని అయ్యగారు చెయ్యెత్తారు. ఫోస్టర్ గారు ఆ మాట తిప్పి చెబుతున్నారు. సరిగ్గా అప్పుడే నాకు ఆవిరి నిండింది. ఆపుకోవడం నా వల్ల కాదని ముందే చెప్పాను. గుడి కప్పు అదిరేట్టు కూశాను.

అందరి తలలూ కిటికీ వైపు తిరిగాయి. వెనక బల్ల దగ్గర ఎనెలేస్ లేచింది. ఆదివారం కాబట్టి పగలే అతిథుల కోసం తెచ్చిన గిన్నెను పక్కన నేల మీద పెట్టింది. మెత్తగా చప్పట్లు తట్టి ఏదో అడిగింది. ఫోస్టర్ గారు నేల చూపులు చూశారు. మూడోసారి అడిగాక గానీ ఇంగ్లీషులో చెప్పలేకపోయారు.

"అవ్వ అడుగుతోంది... ఆ ప్రవక్త రొట్టె నిజంగా తిన్నాడా, మేకకు వేశాడా అని."

ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. తన కూడులో దోషం లేదని ఆయన ఒక్క మాట చెబితే తనను ఊరు మళ్ళీ మనిషిగా చూస్తుందన్న ఆశ ఉంది. ఇలాంటి చోట పాస్టర్లకు ఒక దారి ఉంటుంది. "ప్రార్థన చేసుకుందాం, కళ్ళు మూసుకోండి" అన్నారు ఏలియాగారు. పిల్లి పాలు తాగేటప్పుడు తన కళ్ళే మూసుకుంటుంది. ఈయన ఊరందరివీ మూయించారు.

ఎనెలేస్ మూసుకోలేదు. దీనమ్మ తెరిచింది. భర్త గొంతు పైస్థాయిలో సాగుతుండగా ఆమె ముందు వరస నుంచి లేచి వెనక్కి నడిచి, ముసలామె పక్కన నేల మీద చతికిలబడి, గిన్నె మూత తీసింది. ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, అందులో ఆకుకూర నింపి నోట్లో పెట్టుకుంది. ఆమేన్ అని అందరూ కళ్ళు తెరిచేసరికి ఆమె రెండో ముద్ద తింటోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

గుంట చేసుకు తినడం ఈమెకు ఎవరు నేర్పారని ఆడవాళ్ళు ముసిరి ఫోస్టర్ గారి చేత అడిగించారు. ఆమె నోట్లో ముద్దతోనే చెప్పింది. "మా జేజి. మేమూ సంగటి తిన్నోళ్ళమే. ఆయన గూడా. రాండి అయ్యగారూ, కూచోండి."

ఇక కూర్చోక ఏం చేస్తారు? ఆముదం తాగేవాడిలా కళ్ళు మూసుకుని మింగారు. రెండో ముద్దకు కళ్ళు తెరిచారు. మూడోది ఎవరూ చెప్పకుండానే తీసుకున్నారు. బోరింగు దగ్గర పక్కకు జరిగిన ఆడవాళ్ళే వంగి ఆ గిన్నెలో చెయ్యి పెట్టారు. ఎనెలేస్‌కు మాత్రం మెతుకు మిగల్లేదు. ఆమె ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని అందరి ముఖాలూ చూస్తూ నవ్వుతోంది. అప్పటికి పెరట్లో నా అన్నం మాడిపోయింది.

మిగిలిన బియ్యం, పప్పు ఆమె ఇంటికి చేరాయి. ప్రయాణం ముందురోజు ఏలియాగారు అరుగు మీద పచార్లు చేస్తూ, సొంతూళ్ళో చెప్పబోయే సాక్ష్యం వల్లె వేశారు. "ప్రభువు కొరకై ఆ జనుల ఆహారమునే మా ఆహారముగా చేసికొంటిమి..."

"మేక తినింది గూడా చెప్పండి" అంది దీనమ్మ, బట్టలు మడత పెడుతూ.

నన్ను ఎనెలేస్‌కు ఇచ్చి వెళ్ళింది దీనమ్మ. కట్టెల మంటకు నా రబ్బరు పగిలింది. మూత ఇప్పుడు కోడిపిల్లల గంప మీద ఉంది. నాలో న్సీమా ఉడుకుతుంది, తెడ్డు పెట్టి కలుపుతారు, కూత లేదు. ఈ ఇంట్లో ఎవరూ చాటుగా తినరు కాబట్టి దాని అవసరం ఎవరికీ కలగలేదు.

ఆ మేక మాత్రం రోజూ చీకటి పడే వేళకు ఆ ఖాళీ ఇంటి వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది. తలుపు వైపు చూసి అరుస్తుంది. ఏలియాగారి మూడు నెలల సేవకు ఈ దేశంలో దక్కిన నమ్మకమైన విశ్వాసి అదొక్కటే.