ఓడ గడియారంలో ఒంటిగంట

నీలం చొక్కా అని కానిస్టేబులుకి చెప్పేసింది, లేత నీలం, పొట్టి చేతులు, కానీ అది పొద్దున ఓడ గదిలో తొడిగిన చొక్కా, ఇక్కడికొచ్చాక దాని మీద మామిడి రసం ఒలికితే తనే విప్పించి తెల్లది వేసింది కదా, అవును తెల్లదే, మళ్లీ వెళ్లి చెప్పాలి, ఆ రెండు పడవల వాళ్లూ నీళ్లలో నీలం కోసం వెతుకుతున్నారు, ఇంత నీలంలో ఒక నీలం, యాభై ఏళ్లు కాపురం చేసి మొగుడి ఒంటి మీద ఏ చొక్కా ఉందో చెప్పలేని మనిషిని ఆ కానిస్టేబులు ఏమనుకుంటాడు, లొరైన్ తలమీది తెల్ల టోపీ సర్దుకుని ఇసుకలో రెండడుగులు వేసి ఆగిపోయింది, చొక్కా రంగు సరిచేస్తే సరిపోదు, వాళ్లు వెతుకుతున్న చోటే తప్పు, కనపడకుండా పోయిన ఆ మొగుడు, వెర్నన్, నీళ్లలోకి దిగి ఉండడు, పోయిన శరదృతువు నుంచి ఆయనకి నీళ్లంటే భయం, స్నానాల తొట్టి అంచు మీద కూర్చోబెట్టి తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తోంది తను, ఆ సంగతి ఈ తీరం మొత్తం మీద తనకొక్కదానికే తెలుసు, తెలిసీ నలభై నిమిషాలుగా నోరు మెదపలేదు, ఇదిగో వస్తాడు, ఆ బాదం చెట్టు వెనక నుంచి ప్యాంటు ఎగలాక్కుంటూ వస్తాడు, ఇంకో నిమిషం చూద్దాం, ఇంకొక్క నిమిషం, అలా నలభై అయ్యాయి, కొడుకు డేల్ నడుంలోతు నీళ్లలో మునిగి లేస్తూ నాన్నా నాన్నా అని సముద్రాన్ని పిలుస్తున్నాడు, కోడలు కిమ్ స్నానాల గదుల వైపు మూడోసారి పరుగెడుతోంది, డేల్ కూతురు టెస్సా, పద్నాలుగేళ్ల పిల్ల, తాత కూర్చున్న ఖాళీ పడక కుర్చీ పక్కన ఫోను రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది, దూరంగా జమైకా దీవి ఫాల్మత్ రేవులో వాళ్ల ఓడ, తాటిచెట్లని మరుగుజ్జుల్ని చేసే తెల్లటి మేడ, నాలుగున్నరకల్లా ఎక్కేయాలి, ఇప్పుడు రెండూ నలభై, ఓడ వాళ్లే తీసుకెళ్లే విహారానికి పోయినవాళ్ల కోసమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా ఊళ్లోకి పోయినవాళ్ల కోసం ఆగదు, ఎక్కేముందు పదిసార్లు చెప్పారు, ఈ సొంత ఏర్పాటు ఎవరిదంటే తనదే.

ఫిబ్రవరిలో అమెరికాలో, టొలీడోలోని తమ వంటింటి బల్ల మీద, కిటికీ బయట మోకాలి లోతు మంచు, పొయ్యి మీద చిక్కుళ్లు ఉడుకుతుంటే, రంగు పెన్నులు ముందేసుకుని రాసింది ఈ రోజంతా, ఎన్నింటికి దిగాలి, ఏ తీరానికి పోవాలి, నీడ ఎక్కడుంటుంది, నడిచేదెంత, మెట్లున్నాయా, ఓడ వాళ్ల విహారం ఇంతకంటే సుఖం, చల్లటి బస్సులో తీసుకెళ్లి తీసుకొస్తారు, కానీ దానికో కాగితం నింపాలి, అందులో అయిదో ప్రశ్న, మీతో వచ్చేవారిలో ఎవరికైనా జ్ఞాపకశక్తికి సంబంధించిన ఇబ్బంది ఉందా, పెన్ను అక్కడ ఆగిపోయింది, లేదు అని రాయడానికి చెయ్యి రాలేదు, ఉంది అని రాస్తే ఆ కాగితం డేల్ చూస్తాడు, అందుకని కాగితమే వద్దనుకుంది, మనమే వెళ్దాంరా డేల్, గుంపుతో పడి పోవడమెందుకు అంది, డేల్ నవ్వి, అమ్మా నువ్వు జనరల్‌వి, మేం సిపాయిలం, ఎటు నడవమంటే అటు అన్నాడు, ఆ రోజే పుట్టింది ఆ జాబితా, తాతయ్యతో ఒక గంట అని పైన గుండ్రటి అక్షరాలు, పదకొండు నుంచి పన్నెండు కిమ్, పన్నెండు నుంచి ఒంటిగంట డేల్, ఒంటిగంట నుంచి రెండు టెస్సా, చూసి కిమ్‌కి కళ్లు చెమర్చాయి, ఎంత బాగా ఆలోచించారు అత్తయ్యా, ఒక్కొక్కరికి విడిగా ఆయనతో గడిపే వీలు, అంటూ తనే అడుగున రాసింది, నానమ్మకి మాత్రం సెలవు, అది ముద్దు కాదు కిమ్, అది కాపలా, జైలులో వంతులు వేసినట్టు వేశాను, ఒక్క నిమిషం కూడా ఖాళీ లేకుండా కుట్టాను, భోజనం అయ్యాక ఆయన కునుకు తీస్తాడని తెలిసి ఆ గంట పిల్లకి ఇచ్చాను, పిల్లకి తేలిక అవుతుందని, అనుకుంటూ లొరైన్ ఆ ఖాళీ కుర్చీ వైపు చూడలేకపోయింది, ఎందుకంటే సెలవు అన్న మాట తను నిజంగానే వాడుకుంది, పదకొండు నెలల్లో మొదటిసారి, చెట్ల కింద అవతలి చివర పడుకుని, తలుపు గొళ్లెం పెట్టానా అని లేవకుండా, మనం ఎక్కడున్నాం లోరీ అని ఎవరూ తట్టకుండా, గంటసేపు నిద్రపోయింది, హాయిగా నిద్రపోయింది.

డేల్ నీళ్లు కారుతూ ఒడ్డుకొచ్చాడు, ఊపిరి అందడం లేదు, వచ్చినవాడు తల్లి దగ్గరికి రాలేదు, కూతురి దగ్గరికి వెళ్లాడు, ఒంటిగంటకి నీ వంతు కదా, ఎక్కడ చచ్చావ్, టెస్సా పెదవులు తడుపుకుని, ఒంటిగంటకే వచ్చాను నాన్నా, సరిగ్గా ఒంటిగంటకి, వచ్చేసరికి తాతయ్య లేడు, అబద్ధం, నేను ఒంటిగంటకి లేచినప్పుడు నువ్వు నీళ్లలో ఉన్నావ్, నేను చెయ్యి ఊపితే నువ్వూ ఊపావ్, వస్తున్నావనుకున్నా, నువ్వు ఊరికే ఊపావనుకున్నా నాన్నా, అప్పుడింకా పన్నెండే, ఇదిగో చూడు, అని ఫోను చూపించింది, అందులో ఒకటీ నలభై రెండు, డేల్ చేతి గడియారంలో రెండూ నలభై రెండు, ఓడ తన ఫ్లోరిడా గడియారం తను మోసుకుంటూ తిరుగుతుంది, ఎండాకాలంలో జమైకా ఒక గంట వెనక, డేల్ గడియారం ఓడ మాట విన్నది, పిల్ల ఫోను ఒడ్డు మాట విన్నది, నడుమ ఒక గంట ఎవరిదీ కాకుండా పోయింది, ఆ గంటలోంచే వెర్నన్ లేచి నడిచి వెళ్లిపోయాడు, జాబితా రాసినామె ఏ గడియారమో రాయలేదు, ఓడ ఎక్కిన రోజు చిన్న అక్షరాల్లో వచ్చిన హెచ్చరిక చదివి కూడా రాయలేదు, కానీ డేల్ ఆ మాట అనలేదు, అయినా సరే, ముసలాయన ఒక్కడూ కూర్చుని ఉంటే కనిపించలేదా నీకు, ముప్ఫై అడుగుల దూరం, కళ్లెక్కడ పెట్టుకున్నావ్ అన్నాడు, తాతయ్య ఎప్పుడూ ఒక్కడే కూర్చుంటాడుగా నాన్నా, పెద్దాయనేగా, అంది పిల్ల, నిజం, పెద్దాయన ఒక్కడే కూర్చుంటే ఎవరు భయపడతారు, భయపడాలని ఎవరైనా చెప్పి ఉంటే కదా.

అమ్మా, ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకు, అని పక్కన ఒక గొంతు, పడక కుర్చీలు అద్దెకిచ్చే మిస్ ఇసిల్డా, మధ్యాహ్నం చేప వేయించి పెట్టిన మనిషే, తలకి పసుపు గుడ్డ, చేతులు నూనె వాసన, పడవల వైపు చూడకుండా లొరైన్ మొహమే చూస్తోంది, మీ ఆయన చేప తిని చెయ్యి కడిగాడు, మళ్లీ వచ్చి ఇంకా చేప పెట్టలేదేంటి అన్నాడు, నవ్వుతాలకి అంటున్నాడనుకున్నా, తర్వాత ఆయన కళ్లు చూశా, మా నాన్నకీ ఆ కళ్లే ఉండేవి చివర్లో, ఆయన నీళ్లలోకి పోయే రకమా, నడిచిపోయే రకమా, డేల్ వినేంత దూరంలో లేడు, నడిచిపోయే రకం అంది లొరైన్, గుసగుసగా, ఎన్నాళ్లనుంచి, కొన్నాళ్లనుంచి, మరి ఈ పడవల్ని ఇంతసేపు ఎందుకు తిప్పుతున్నావు తల్లీ అనలేదు ఇసిల్డా, అంటే బాగుండేది, ఏం పని చేసేవాడు అని అడిగింది, పనా, అవును పనే, మా నాన్న చెరుకు కొట్టేవాడు, మతి పోయాక తెల్లారేసరికి కత్తి పట్టుకుని చేలో ఉండేవాడు, చెయ్యి మర్చిపోదు తల్లీ, తల మర్చిపోతుంది గాని, బస్సు నడిపాడు అంది లొరైన్, బడి బస్సు, ముప్ఫై ఒక్కేళ్లు, ఇసిల్డా ఇంకేం అడగలేదు, రోడ్డు వైపు తిరిగి, అక్కడ అద్దె కారు పక్కన నిలబడ్డ కుర్రాణ్ని, ఒరేయ్ డెల్‌రాయ్, నీ బండి స్నేహితులందరికీ ఫోను కొట్టు, కూడలిలో బస్సులు ఆగే చోట చూడమను, తెల్లాయన, తెల్ల చొక్కా, పెద్ద వయసు అని కేకేసింది, తెల్ల చొక్కా అని ఆమెకి గుర్తుంది, భార్యకి గుర్తులేదు, ఇసిల్డా కానిస్టేబులుకి ఏం చెప్పిందో గాని పడవలు వెనక్కి తిరిగాయి, అప్పుడప్పుడు దారి మర్చిపోతాడు అంతే అని డేల్‌తో అంది లొరైన్, అంతే అన్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందో, పదకొండు నెలలుగా అరిగిన మాట.

దొరికాడు, పది నిమిషాల్లో దొరికాడు, కిమ్‌ని సామాన్ల దగ్గర ఉంచి బయల్దేరారు, డెల్‌రాయ్ బండిలో వెనక సీటులో డేల్, టెస్సా, తను, ముందు ఇసిల్డా, దారి పక్కన చెరుకు, రంగులేసిన కొట్లు, మేకలు, బతికున్నాడు, ఎండలో తిరిగాడు గాని బతికున్నాడు, దేవుడా బతికున్నాడు, ఇక ఏ పేచీ పెట్టను అనుకుంటుండగానే కూడలి వచ్చింది, కుప్పలు పోసిన పండ్లు, గొడుగులు, పాటలు మోగుతున్న చిన్న చిన్న బస్సులు, ఒక బస్సు చుట్టూ జనం, దాని డ్రైవరు కింద నిలబడి నవ్వుతున్నాడు, రండి మేడమ్, మీ ఆయన నా సీటు లాక్కున్నాడు, నేను లోపలికి ఎక్కబోతే నిలబడొద్దు వెనక్కెళ్లి కూర్చో అని నన్నే గద్దించాడు, ప్రయాణికులు కూడా భయపడి కూర్చున్నారు, ఇంత క్రమశిక్షణ ఈ బండిలో నేనెప్పుడూ చూడలేదు, నిజమే, లోపల ఏడెనిమిది మంది సంచులు ఒళ్లో పెట్టుకుని ఓపిగ్గా కూర్చున్నారు, ఆయన్ని దింపడానికి ఎవరికీ మనసు రానట్టు, తమ దేశంలో ఎడమవైపు ఉండే స్టీరింగు చక్రం ఇక్కడ కుడివైపు ఉన్నా ఆయన దాన్ని వెతుక్కుని దాని వెనకే కూర్చున్నాడు, గడియారంలో పదీ రెండూ ఉండే చోట రెండు చేతులు, ఒక కాలికి చెప్పు లేదు, మొహం కందిపోయింది, వీపు మాత్రం నిటారుగా, ఈమధ్య ఇంట్లో ఎన్నడూ లేనంత నిటారుగా, వెర్న్, పోదాం పద అంది లొరైన్, ఎలా వస్తాను లోరీ, పిల్లలింకా రాలేదు, లెక్క తక్కువుంది, పిల్లల్ని వదిలేసి బండి తీస్తే నా ఉద్యోగం ఏం కావాలి అన్నాడు, అప్పుడు టెస్సా మెట్టెక్కింది, కన్నీళ్లు తుడుచుకుంటూ, తాతయ్యా నేను, ఆయన మొహం వెలిగింది, మర్యాదగా, కొత్త పిల్లని చూస్తే వెలిగినట్టు, రా అమ్మా, ఏడవకు, మొదటి రోజా, నీ పేరేంటి, ఎక్కడ దింపాలి నిన్ను.

బస్సులో పాట ఎవరో ఆపేశారు, డేల్ తండ్రి నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు, కాలిపోతోంది అన్నాడు, వడదెబ్బ, ఎండ తలకెక్కింది, అందుకే మనుషుల్ని పోల్చుకోవడం లేదు, ఓడలో డాక్టరు ఉన్నాడు, వడదెబ్బ, అని మళ్లీ అన్నాడు, ఆ మాట గట్టిగా పట్టుకుని, లొరైన్ ఆ మాట విన్నది, ఎంత మంచి మాట, ఎంత చల్లటి మాట, ఎవరో పళ్లెంలో పెట్టి చేతికిచ్చినట్టుంది, దాన్ని తీసుకుంటే చాలు, ఈ నోటికి ఇంకో మాట అక్కర్లేదు, ఓడ ఎక్కేస్తాం, ఇంకా నాలుగు రోజుల ప్రయాణం ఉంది, రాత్రి భోజనాల దగ్గర ఆయన అందరి మధ్యా కూర్చుంటాడు, డాక్టరు దగ్గర నుంచి బయటికొచ్చిన రోజు కారులో, సీటు బెల్టు పెట్టుకోవడం రాక దాన్ని చేతిలో పట్టుకుని, పిల్లలకి చెప్పకు లోరీ, ఒక్కసారి అందరం సముద్రం చూసొచ్చాక చెబుదువుగాని అన్నాడు కదా, ఆయన అడిగిందే చేశాను, ఆయన అడిగింది ఒక్కసారే, మిగతాదంతా నాది, ఆయన ఆ సంగతి అడిగిన మర్నాడే మర్చిపోయాడు, నేను మర్చిపోలేదు, పిల్లల కళ్లలో ఆయన ఇంకా ఆయనే అయి ఉండడం నాకే కావాలి, వాళ్ల కళ్లలోంచి చూస్తే నాకూ ఆయన కాసేపు దొరికేవాడు, వడదెబ్బ, సరే వడదెబ్బే, అనబోయింది, ఈలోగా డేల్ వెనక్కి తిరిగి, చూశావా, ఒక్క గంట చూసుకోమన్నాం, ఒక్క గంట, చూడు ఏమైపోయాడో, అన్నాడు కూతురితో, అరవలేదు, మెల్లగా అన్నాడు, మెల్లగా అన్నదే ఎక్కువ తగులుతుంది, టెస్సా తాత చెప్పులేని కాలు వైపు చూస్తూ తలూపింది, అవును నాన్నా, నా వల్లే, నేను చూసుకుని ఉంటే తాతయ్య బాగుండేవాడు, నా వల్లే ఇలా అయిపోయాడు.

ఆ తలూపడం చూసింది లొరైన్, పిల్ల ఒప్పేసుకుంది, ఇంక దాన్ని వదలదు, వచ్చే నెల ఆయన ఇంకో పేరు మర్చిపోతే ఆ వడదెబ్బే అంటారు, చలికాలానికి చెంచా పట్టుకోవడం మర్చిపోతే ఆ వడదెబ్బ నుంచే కదా అంటారు, ఎవరూ తిట్టరు, అయ్యో పోనీలే చిన్నపిల్ల అంటారు, ఆయన పోయిన రోజున ఈ పిల్ల అందరికంటే వెనక నిలబడుతుంది, తన పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్లదు, డెబ్బై ఏళ్లొచ్చాక కూడా ఒంటిగంట కొడితే ఉలిక్కిపడుతుంది, నేను ఆయన్ని ఇంకొన్నాళ్లు దాచుకోవడానికి ఈ పిల్ల బతుకంతా కట్నంగా ఇవ్వాలా, ఫోనుది తప్పనుకున్నాను, గడియారానిది అనుకున్నాను, చెయ్యి ఊపి వెళ్లిపోయిన కొడుకుది అనుకున్నాను, కారులో ఆయన అడిగిన మాటది అనుకున్నాను, ఒక్కొక్కరినీ నిలబెట్టి చూశాను, అందరూ పోగా మిగిలింది ఒక్కరే, ఆ ఒక్కరు మొదటి నుంచీ తెల్ల టోపీ పెట్టుకుని ఒడ్డున నిలబడి ఉన్నారు, లొరైన్ బస్సు మెట్టు ఎక్కి, టెస్సా భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది, డేల్, ఇది వడదెబ్బ కాదు, మీ నాన్నకి మతి పోయే జబ్బు, పదకొండు నెలల కిందటే డాక్టరు చెప్పాడు, నాకు తెలుసు, నాకు ఒక్కదానికే తెలుసు, మీకు చెప్పకుండా మీచేత కాపలా కాయించాను, అది కాపలా అని కూడా చెప్పలేదు, పడవలు నీళ్లలో తిరుగుతుంటే కూడా చెప్పలేదు, నువ్వు కాదు టెస్సా, ఇటు చూడమ్మా, నా మొహం చూడు, ఈ పని చేసింది నేను, మీ నానమ్మని.