పాడవకుండా

పొద్దున్నే రాగానే నీళ్ళతొట్టె ఒంటివేడికి వచ్చిందో లేదో చూడాలి. స్టాప్‌వాచీకి కీ ఇవ్వాలి. వచ్చిన ప్రతి రక్తపు గొట్టాన్నీ పరీక్షకు ముందు వెలుగులో పెట్టి చూడాలి: గడ్డ ఉందా, తక్కువ పోశారా, రంగు మారిందా. రక్తం తేవడానికి గొట్టం పట్టుకెళ్ళేవాళ్ళకి ఐసులో పెట్టొద్దని నోరు తెరిచి చెప్పాలి.

లేబొరేటరీలో గౌరీశ్వరి చేసే పనుల్లో ఈ చివరిది మొదట్లో లేదు. వీర్రాజు వచ్చి వెళ్ళాక చేరింది.

ఉక్కు ఫ్యాక్టరీకి ఇంకా పునాదులు తవ్వుతున్న రోజులవి. వీర్రాజు ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ప్లాంటు కూలీ. అతని భార్య చిట్టెమ్మ పుట్టింటికి వెళ్ళి జబ్బుపడి, తగరపువలసలో ఒక చిన్న నర్సింగ్‌హోములో చేరింది. కడుపులో చీముగడ్డ. అది పగిలేలోగా కొయ్యాలి. కానీ ఆమెకి ఆమధ్యే పచ్చకామెర్లు వచ్చి తగ్గాయి. అలాంటివాళ్ళకి ఒక్కోసారి రక్తం తొందరగా గడ్డకట్టదు. కోస్తే ఆగకుండా కారిపోతుందేమోనని డాక్టరు భయం. పరీక్ష చూస్తేగాని కత్తి పట్టనన్నాడు. ఆ పరీక్ష విశాఖపట్నంలోనే చేస్తారు. మనిషిని బస్సులో కుదిపి తేలేక వీర్రాజు చేతికిచ్చి రక్తాన్ని పంపారు.

లేబొరేటరీ బెంచీ మీద కూర్చున్న వీర్రాజు ఒళ్ళో క్యాను, తొడల దగ్గర తడిసిన పంచె చూసి, బల్ల దగ్గర చీటీలు రాసే కన్నబాబు నవ్వాడు.

“ఏటి బావా, సేపల ఏలం ఇక్కడ కాదు. హార్బర్‌కి ఎల్లు.”

“సేపలు కాదు బాబూ. మా ఇంటిదాని రగతం.”

కన్నబాబు మరి నవ్వలేదు.

వీర్రాజు మూత తీశాడు. నలగ్గొట్టిన ఐసు మధ్యలో గొట్టం. “సంతలో సేపలోల్ల కాడ మంచి ఐసు ఏరి తెచ్చినానమ్మా. ఉప్పు కూడా ఏసినాను. ఇలగేత్తే కలకత్తా ఎల్లినా పాడవదు.”

గొట్టంలో రక్తం రాయిలా ఉంది. గౌరీశ్వరి దాన్ని కరగనిచ్చి మిషన్‌లో వేసి తిప్పింది. పైన తేరిన నీరు లేత పసుపుగా ఉండాలి. దానిమ్మరసంలా ఉంది. చలికి ఎర్రకణాలు పగిలిపోయాయి.

“ఐసులో పెట్టమని ఎవరు చెప్పారు బాబూ?”

“కాంపౌండరు గారే. పాడవకుండా పట్టుకెల్లమన్నారు.”

పాడవకుండా. వీర్రాజు బతుకులో ఆ మాటకి ఐసు తప్ప వేరే అర్థం లేదు.

“ఇది పనికిరాదు. మళ్ళీ తీయించుకుని రావాలి.”

“ఓలమ్మా! మల్లీ తగరపువలసా? దాని ఒంట్లో ఇంకేటుందమ్మా తియ్యడానికి? దీన్తోనే ఏదోటి సూసి రాసెయ్యండి. దండం పెడతాను.”

చేస్తే ఏదో ఒక అంకె వస్తుంది. గౌరీశ్వరి భయం అదే. దాన్ని నమ్మి డాక్టరు కత్తి పట్టినా పడతాడు, మానేసినా మానేస్తాడు. ఆ అంకె ఐసు సంగతి చెబుతుందిగాని చిట్టెమ్మ సంగతి చెప్పదు.

గడ్డకట్టకుండా మందు పోసిన కొత్త గొట్టం అతని చేతిలో పెట్టింది. “ఐసు వద్దు, ఎండ వద్దు. ఊరికే సంచీలో పెట్టుకుని వచ్చెయ్యి. పరుగెత్తు బాబూ.”

దీపాలు పెట్టే వేళకి అతను తిరిగొచ్చాడు. సంచీని రెండు చేతులా పిచ్చికపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఈసారి నీరు తేటగా తేరింది. గౌరీశ్వరి దానికి గడ్డకట్టించే మందు కలిపి రెండుసార్లు పరీక్ష చేసింది. కాస్త ఆలస్యంగానైనా గడ్డ కట్టింది. కొయ్యొచ్చు.

నర్సింగ్‌హోముకి ట్రంకాల్ కలిపారు. అవతల కాంపౌండరు. రెండోసారి రక్తం తీసుకుని వీర్రాజు బస్సెక్కాక కడుపులో చీముగడ్డ పగిలిందట. డాక్టరు ఇంక ఆగలేక కత్తి పట్టేలోగానే చిట్టెమ్మ పోయిందట.

ఆమె ఫోను పెట్టేసింది. బెంచీ మీంచి వీర్రాజు లేచాడు.

“బాగుందామ్మా? ఈసారి పాడవనేదు కదా?”

“పాడవలేదు బాబూ. రక్తం బాగుంది.”

అతని మొహం విప్పారింది. తరవాతి మాట గౌరీశ్వరి కన్నబాబు చెవిలో వేసింది. కన్నబాబు వచ్చి “బావా, కూకో” అని అతని భుజం పట్టుకున్నాడు.

చదివినవారికి ఒక్క మనవి. ఈ సంగతి ఎక్కడైనా చెబితే, రక్తాన్ని ఐసులో పెట్టినవాడని నవ్వకండి. సంతంతా తిరిగి మంచి ఐసు ఏరి, చల్లటి క్యానుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని, తొడలు తిమ్మిరెక్కినా కింద పెట్టని మనిషిగా వీర్రాజును గుర్తుపెట్టుకోండి.