వాక్యం మధ్యలో లేచినవాళ్ళు

"ఇదిగో, నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావ్?"

మా ఆయన గుమ్మంలో నిలబడి అడిగేసరికి నేను ఒక వాక్యం మధ్యలో ఉన్నాను. లేచి వెళ్ళి, ఆయన వెనకే తలుపుకు వేలాడుతున్న చొక్కా తీసి చేతికిచ్చాను. "ఎదురుగా ఉంటే నాకు కనపడి చావదు" అని నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగొచ్చి కూర్చుంటే వాక్యం చేజారిపోయింది. దాన్ని మళ్ళీ పట్టుకోవడానికి, ఆఖరున రాసిన మాటనే ఇంకోసారి రాసి ముందుకు సాగాను. ఎప్పుడూ అలాగే చేస్తాను. ఆ రోజే మొదటిసారి నా చేతిని నేను చూసుకున్నాను.

అప్పటికి నాలుగేళ్ళుగా నా బల్ల మీద నలభై ఒక్క ఉత్తరాల ఫోటోలున్నాయి. రెండు వందల ఏళ్ళ కిందట, పరాయి ఇళ్ళలో పనికి కుదిరిన ఆడపిల్లలు తల్లులకు రాసినవి. జర్మన్‌కు దగ్గరి చుట్టమైన ఒక పల్లె భాష. ప్రతి ఉత్తరంలోనూ అక్కడక్కడా ఒకే మాట రెండుసార్లు పడి ఉంటుంది. చదువులేని చేతుల తడబాటని మా రంగంలో పెద్దాయన ఒకరు ముప్పై ఏళ్ళ కిందట తేల్చారు. అందరం అదే రాస్తూ వచ్చాం, నాతో సహా. ఆ మధ్యాహ్నం నా నోటుబుక్కును ఆ ఫోటోల పక్కన పెట్టి చూశాను. ఉత్తరాల్లో రెండోసారి పడిన మాట దగ్గర సిరా ముదురుగా ఉంది. వరస కాస్త వంకర తిరిగింది. వాళ్ళు తడబడలేదు. ఎవరో పిలిస్తే లేచి వెళ్ళారు. పని చేసి వచ్చి మళ్ళీ రాశారు.

అదే వ్యాసంగా రాశాను. జర్మానిక్ భాషాశాస్త్ర సదస్సులో చదవడానికి దాన్ని తీసుకున్నారు. నాలుగు రోజుల ప్రయాణం. "నాలుగు రోజులా! ఇల్లు ఏం కానమ్మాయ్?" అన్నారు అత్తయ్య. "వదినకి చచ్చిన భాషల మీదున్న ప్రేమ బతికున్న మొగుడి మీద లేదు" అంది ఆడపడుచు. అందరూ నవ్వారు. అయినా రైలు దగ్గరికి పెట్టె మోసింది మా ఆయనే. పెట్టెలో శాలువా పెట్టింది అత్తయ్యే. లేదనను.

నా పరిశోధనకు గైడు, మేడమ్ కూడా వచ్చారు. రైల్లో రెండుసార్లు చెప్పారు. "పెద్దాయన ముందు వరసలోనే కూర్చుంటారు. ఆయన కాదంటే నీ నాలుగేళ్ళూ బూడిదలో పోసినట్టే. సిరా గురించి మాట్లాడు. నీ చొక్కాల, పాలగిన్నెల ఊసు అక్కడ ఎత్తకు తల్లీ, నవ్వుతారు."

పదిహేను నిమిషాలు సిరా గురించే మాట్లాడాను. ఒక్క చొక్కా కూడా రానివ్వలేదు. తర్వాత పెద్దాయన కర్ర ఊతంగా లేచారు.

"కలం ఆరిపోయి మళ్ళీ ముంచినా సిరా ముదురుగానే పడుతుంది. వాళ్ళు లేచి వెళ్ళారని మీకెలా తెలుసు?"

మేడమ్ వైపు చూశాను. సిరా బొమ్మే మళ్ళీ చూపించమని వేలితో సైగ చేశారు. ఆ బొమ్మలో ఉన్నదంతా అప్పటికే చెప్పేశాను. సంచిలోంచి నోటుబుక్కు తీసి, కెమెరా కింద తెరిచి పెట్టాను. తెర నిండా నా చేతిరాత.

"ఇది నాది. ఇక్కడ రెండుసార్లు రాశాను, మా ఆయన చొక్కా. ఇక్కడ మా అత్తగారి మాత్రలు. ఇక్కడ పాలు పొంగాయి. ఇక్కడ ఎందుకు లేచానో గుర్తులేదు, కానీ లేచాను."

వెనక వరసల్లో ఆడవాళ్ళు నవ్వారు. పెద్దాయన కర్ర మీద ముందుకు వంగి తెర మీది వరసలన్నీ చదివారు.

"నేను రాసుకునేటప్పుడు మా ఇంట్లో పిల్లి కూడా నా గదిలోకి వచ్చేది కాదు" అన్నారు. "మా ఆవిడ రానిచ్చేది కాదు. వాక్యం మధ్యలో నన్ను ఎవరూ పిలవలేదు. అందుకే నాకు తట్టలేదు. ఈవిడ చెప్పిందే నిజం. అలాగే రాసుకోండి."

దండం పెట్టాను. ఆయనకు సగం. మిగతా సగం, పిలిచిన ప్రతిసారీ వెళ్ళి కూడా తిరిగొచ్చి ఉత్తరం పూర్తి చేసిన ఆ పిల్లలకు.

బయట మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను.

"ఎలా అయింది?" అన్నారు మా ఆయన.

"ఒప్పుకున్నారు. అందరి ముందూ మిమ్మల్నీ అత్తయ్యనీ తలుచుకున్నాను. మీరు పిలవకపోతే ఈ వ్యాసం లేదు."

"చూశావా మరి! అమ్మా, నీ పేరు కూడా చెప్పిందట!" అని లోపలికి కేకేశారు. ఆయన సంతోషం నిజమైనదే. నా కృతజ్ఞతా నిజమైనదే. అది చల్లారకముందే తక్కిన మాట కూడా చెప్పేశాను.

"ఈ వ్యాసానికి కావలసిన ఆధారాలన్నీ మీరే ఇచ్చారు. తర్వాతి దానికి అక్కర్లేదు. నేను రాసుకుంటున్నప్పుడు ఇక పిలవకండి."