సంతకం లేని కాగితం

పొద్దున్నే కొట్టు తెరిచి, యంత్రం అద్దం తుడుద్దామని జిరాక్సమ్మ మూత ఎత్తేసరికి లోపల ఒక కాగితం బోర్లా పడి ఉంది. జనం కాపీలు పట్టుకుని అసలు మరిచిపోవడం రోజూ ఉండేదే. ఇరవై రెండేళ్ళలో పెళ్ళి పత్రాలు, చావు పత్రాలు, మార్కుల జాబితాలు ఎన్నో ఆ మూత కింద నిద్రపోయాయి. ఒక్కటీ చదివిన పాపాన పోలేదామె. పరాయివాళ్ళ కాగితాల్లో తలదూర్చకూడదని, భర్త పోయాక కొట్టు చేపట్టిన రోజే నియమం పెట్టుకుంది. ఆ నియమమంటే ఆమెకు కాస్త గర్వం కూడా.

ఎవరిదో తెలిస్తే ఇచ్చేద్దామని కళ్ళజోడు సర్దుకుని చూసింది. “మరమ్మతుల కారణంగా వెనక సందువారి పోలింగు ఒకరోజు వాయిదా పడినది.”

పోలింగు ఈరోజే. నిన్న ఈ కొట్టు గది ఓనరు తెచ్చి రెండొందల కాపీలు తీయించుకున్న కాగితమది. ఆయన బావమరిది పోటీలో ఉన్నాడు. వెనక సందులో అతనికి ఒక్క ఓటూ పడదని పసిపిల్లలకి కూడా తెలుసు.

జిరాక్సమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఓనరు మీద సగం, తన మీద సగం. అంత అబద్ధాన్నీ అంచులు సర్ది, వేడివేడిగా చేతిలో పెట్టింది తనే.

గోడకున్న ఎన్నికల ఆఫీసు ప్రకటన ఊడబీకి, ఆ కాగితంతో కలిపి పట్టుకుంది. స్టూలు చంకన పెట్టుకుని, షట్టరైనా దించకుండా వెనక సందుకు నడిచింది. కుళాయి దగ్గర, సందంతా పిన్నీ అని పిలిచే పెద్దావిడ తీరిగ్గా బట్టలు పిండుతోంది.

“ఓటుకి వెళ్ళలేదేం పిన్నీ?”

“రేపటికి మార్చారటగా. కాగితం వేశారు చూడలేదూ?”

“కాగితానికేం, యంత్రంలో ఏది పెడితే అది పడుతుంది. ఆ కాపీలు తీసింది నేనే.”

పిన్ని చేతిలో చీర జారిపోయింది.

జిరాక్సమ్మ భారీ మనిషి. స్టూలు కిర్రుమన్నా లెక్కచేయక ఎక్కి, రెండు కాగితాలూ పైకెత్తింది. “అందరూ రండమ్మా! పైన కాదు, కింద చూడండి. ఈ ఆఫీసు కాగితం మీద సంతకముంది, ఫోన్ నంబరుంది. మీకు పంచిన ఈ రెండోదాని మీద ఏముంది? నా మాటా నమ్మొద్దు. మీరే అడగండి!”

పిన్ని కోడలు ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. అవతల విసుగ్గా ఒక గొంతు, “పోలింగు ఈరోజేనండీ, సాయంత్రం ఐదు దాకా” అంది. సందు సందంతా తడిచేతులతోనే కదిలింది. జిరాక్సమ్మ కూడా వాళ్ళతోనే వరసలో నిలబడి ఓటేసింది.

మధ్యాహ్నం ఓనరు ఊగిపోతూ వచ్చాడు.

“నీ పని కాపీలు తీయడం! చదవడం కాదు.”

“చదవకపోవడమే నా తప్పండీ. ఇకనుంచి చదివే తీస్తాను.”

“నా గదిలో కుదరదు.”

“అయితే మీ గది మీరే ఉంచుకోండి.”

సాయంత్రానికి యంత్రం బండెక్కింది. ఇరవై రెండేళ్ళ గది వదలడం ఆమెకు కష్టంగానే ఉంది, కానీ ఆ కష్టం ఓనరు కంటపడనివ్వలేదు. ఊరవతల చెల్లెలింటి వైపు బండి వెనకే నడిచిపోయింది.

వారం తిరక్కముందే కుళాయి గోడ మీద ఎవరో కొత్త కాగితం అంటించారు. పిన్ని, ఆరోజు జిరాక్సమ్మ అక్కడే వదిలేసిన స్టూలు లాక్కుని ఎక్కి, పైనున్న పెద్ద అక్షరాలు వదిలేసి, ముందు అడుగున సంతకం కోసం వెతికింది. ఒక కాలు కాస్త పొట్టిదైన ఆ స్టూలును ఎవరూ ఇంట్లోకి తీసుకుపోరు, అది కుళాయి పక్కనే ఉంటుంది.