రెండో వంపు

గ్విలిమ్ ప్రాణం పోయిన గదిలోనే ఎలిస్ మోకాళ్ల మీద కూర్చుని, చిమ్నీలోంచి వేలాడుతున్న తాడు లాగుతున్నాడు. కప్పు మీద వానలో నిలబడి అతని బావమరిది గెథిన్ వంగే పల్చటి స్టీలు గొట్టాన్ని లోపలికి దింపుతున్నాడు. ఆ పాత చిమ్నీకి రెండు వంపులు. మొదటిది దాటిన గొట్టం రెండోదాని దగ్గర మొరాయించింది.

"ఏముంది బావా అక్కడ? దయ్యమేమైనా కూర్చుందా?"

"తొయ్యకు. చిరుగుతుంది."

అక్కడేముందో ఎలిస్‌కి తెలుసు. పోయిన అక్టోబరులో ఈ చిమ్నీ దులుపుతుంటే బ్రష్షు బిగించిన కర్ర ఆ వంపులో ఇరుక్కుంది. కుడికే తిప్పాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. విసుగులో ఎడమకు తిప్పాడు. మర ఊడి బ్రష్షు లోపలే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్లుగా చిమ్నీలు దులుపుతున్నవాడు ఆ మాట చెప్పుకోవడానికి నామోషీ పడ్డాడు. పొయ్యిలో కాగితం వెలిగిస్తే పొగ పైకే పోయింది కదా అని, గ్విలిమ్ భార్య మార్ఫిడ్‌తో "అంతా బాగుందక్కా" అని టీ తాగి వెళ్లిపోయాడు.

ఆ బ్రష్షు మీద మసి పేరుకుంది. జనవరిలో మంచుకి తలుపులు బిగించుకున్న ఒక మధ్యాహ్నం, పైకి పోలేని పొయ్యి విషవాయువు గదిలో నిండింది; గ్విలిమ్ కుర్చీలో కునుకు తీసి మళ్లీ లేవలేదు. పాత ఇల్లు, పాత ఇటుకలు అని విచారణ ముగించారు. ఎలిస్ సిగ్గు లేకుండా శవపేటిక కూడా మోశాడు. ఇంకెవరైనా ఆ గోడ తెరిస్తే బతుకు బజారున పడుతుందని, కొత్త గొట్టం ఊరికే వేసిపెడతానని వచ్చాడు.

"మార్ఫిడ్ అక్కా, గోడ తెరవాలి. దుమ్ము లేస్తుంది. కాసేపు చాపెల్‌కెళ్లి ప్రార్థన చేసుకో."

"పలకల గని ఊళ్లో పుట్టినదాన్ని. నాకు దుమ్ము కొత్తా?" అంటూ ఆమె, పోయిన భర్త కుర్చీలోనే కూర్చుంది.

మూడు ఇటుకలు ఊడదీసి ఎలిస్ చెయ్యి పెట్టాడు. నల్లటి ముద్ద బయటికొచ్చింది. గబుక్కున గోనె కిందికి తోశాడు.

"ఏమిటది?"

"కాకిగూడక్కా."

ఆమె లేచి, గోనె తీసి, ముద్దను బొటనవేలితో తుడిచింది. ఎలిస్ తన సామాన్లన్నిటికీ వేసుకునే ఎర్ర గీత బయటపడింది.

"డబ్బు వద్దన్నావు చూడు, అప్పుడే అనుకున్నాను," అందామె.

"దొరికిందా బావా?" పైనుంచి గెథిన్ అరిచాడు.

"దొరికింది," అని మార్ఫిడే జవాబిచ్చింది.

బ్రష్షును తీసుకెళ్లి పొయ్యిపై అరుగు మీద, గ్విలిమ్ కళ్లజోడు పక్కన పెట్టింది.

"ఇదిక్కడే ఉంటుంది. ఏటా అక్టోబరులో దులపడానికి నువ్వే రా. ఇంకెవరినీ పిలవను. గొట్టం దింపు, నాకు చలిగా ఉంది."

ఎలిస్ తాడు పట్టుకున్నాడు. ఈసారి గొట్టం రెండో వంపు ఇట్టే దాటింది.