మూడు పూతల రొయ్యబొమ్మలు

భక్తవత్సలానికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ పొద్దున అది వినపడీ వినపడకుండా ఉంది. రేపటి నుంచి రంగు పని పక్కవీధి కనకానికి ఇస్తున్నానని, నువ్వింక కుంచె ముట్టుకోనక్కర్లేదని భార్య చెంగమ్మతో అన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆమె చేస్తున్న పని అది. చెంగమ్మ పెనం మీద దోసె తిరగేసింది.

రేవు పక్కనున్న ఉప్పళంలో వాళ్ల ముందుగదే కార్ఖానా. ఆయన చెక్కతో రొయ్యబొమ్మలు చెక్కి తోకకు ముళ్లు బిగిస్తాడు. ఆమె వాటికి చీకట్లో వెలిగే రంగు పూస్తుంది. రాత్రిపూట కణవాయిలను, అంటే స్క్విడ్లను, పట్టే పడవలవాళ్లు ఆ బొమ్మలను తాడుకు కట్టి నీళ్లలోకి దింపుతారు. వెలుగు చూసి కణవాయి వచ్చి బొమ్మను కావలించుకుంటుంది, అంతటితో దాని కథ ముగుస్తుంది.

ఆ రంగు తనంతట తాను వెలగదు. ముందు దానికి వెలుగు తాగించాలి. ఆ విద్యలో భక్తవత్సలానిది అందె వేసిన చెయ్యి. మిట్టమధ్యాహ్నపు ఎండలో అయిదు నిమిషాలు చాలు, అత్యాశకు పోయి రోజంతా ఎండబెడితే రంగే పాడవుతుంది. ట్యూబ్‌లైటు కిందైతే పావుగంట. సెల్‌ఫోను వెలుగుది నత్తనడక. ఊదారంగు టార్చి కొడితే పది లెక్కపెట్టేలోపు పనైపోతుంది. ఎలా తాగించినా, చివరికి మెట్ల కింద కొట్టుగదిలో తలుపేసుకుని ఒక్కో బొమ్మనూ తన కంటితో చూసిగానీ ఆయన బయటికి పంపడు. భక్తవత్సలం చూశాడంటే రేవులో ఎవరూ రెండోసారి చూడరు.

ఆరు నెలలుగా మాత్రం ఆ గదిలోంచి ముఖం మాడ్చుకుని బయటికొస్తున్నాడు. రంగు పలచన అన్నాడు, పొడి సరిగ్గా కలపలేదన్నాడు, నీ చెయ్యి పడిపోయిందన్నాడు. పొడి మార్చాడు, టార్చి మార్చాడు. నడుమ రెండుసార్లు బాగుపడినట్టే కనిపించి, వ్యవహారం మళ్లీ మొదటికొచ్చింది.

మధ్యాహ్నం ఇళవరసన్ అనే పడవ యజమాని సంచీడు బొమ్మలు వెనక్కి తెచ్చాడు. అతను నోరు తెరవకముందే భక్తవత్సలం తప్పు ఒప్పేసుకున్నాడు. వెలుగు తక్కువైందనీ, మనిషిని మారుస్తున్నాననీ చెప్పాడు. ఇళవరసన్ తెల్లబోయాడు. వెలుగు తక్కువ కాదు, మరీ ఎక్కువైందని అతని గోల. కణవాయి దూరంగా వచ్చి ఆగిపోతోందట. రంగు మందంగా పేరుకుని బొమ్మ ఒక పక్కకు ఒరిగి మునుగుతోందట. పాత పలచటి పూతే కావాలని చెప్పి వెళ్లిపోయాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకుని భక్తవత్సలం మండిపడ్డాడు. సంచీలోంచి ఆరు బొమ్మలు తీసి, టార్చి కొట్టి, కొట్టుగదిలోకి పోయి తలుపేసుకున్నాడు. కళ్లు చికిలించాడు. చేతిలో బొమ్మలున్నాయని వేళ్లకు తెలుస్తోంది, కళ్లకు తెలియడం లేదు. చెంగమ్మను పిలిచాడు. ఆమె లోపలికొచ్చి మళ్లీ తలుపు మూసింది.

"యాడన్నా వెలుగుతా ఉండాదా?"

"ఆరూ వెలుగుతా ఉండాయి," అంది చెంగమ్మ. "ఆ వెలుగులో నీ మొహం కూడా తెలస్తా ఉండాది."

ఆమె ఎటువైపు నిలబడిందో కూడా ఆయనకు తెలియడం లేదు. ఇన్నాళ్లూ సాయంకాలం మెట్ల మీద తడబడిన ప్రతిసారీ చెప్పులను తిట్టుకున్నాడు. పడవల పండక్కి పోయి రాత్రి దారి తప్పితే జనాన్ని తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చివరికి పెళ్లాం చేతిని తిట్టాడు. రేచీకటి అనే మాట ఇప్పుడు మనసులోకి వచ్చింది.

ఎన్ని పూతలు వేశావని అడిగాడు. మూడు, అంది. ఒక్క పూత ఆయన కంటికి ఆనకపోతే రెండోది వేసిందట, ఆనింది. కొన్నాళ్లకు అదీ ఆనకపోతే మూడోది వేసింది.

"ఎందుకు చెప్పలేదే?"

"బయమేసింది. పూత పెంచినప్పుడంతా నీకు కనిపిస్తా ఉండె. ఆ కాడికి బాగుండావులే అనుకుంటి. నాలుగో పూత వేద్దామనే ఉంటి. అంతలో పని కనకానికిస్తానంటివి. ఆయమ్మ ఒక్క పూతే వేస్తాది. నీకేమీ కనిపించదు. నీ కన్ను పోయిందని రేవంతా తెలిసిపోతాదయ్యా."

రేపు పొద్దున్నే గోరిమేడు పెద్దాసుపత్రికి పోదామని కూడా అంది. ఆయనకు అది వినపడలేదు. ఆరు నెలలుగా తనన్న మాటలే చెవుల్లో ఉన్నాయి. భక్తవత్సలం ఏడ్చాడు. ఆమెకు కనిపిస్తోందని తెలిసీ ముఖం తిప్పుకోలేదు.