దాలమ్మ కోరపన్ను

"పన్ను మగవాడిది" అన్నాడు డాక్టరు చంద్రశేఖరం, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

దాలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. కోటబొమ్మాళి అవతలి పల్లె నుంచి నడిచొచ్చి, తాలూకా ఆస్పత్రి వరండాలో మధ్యాహ్నం దాకా నిలబడితే వినాల్సిన మాట ఇదా?

రెండేళ్ల కిందట, అరవయ్యారులో, ఆమె కూతురు తవిటమ్మ కనబడకుండా పోయింది. బరంపురం వర్తకుడితో లేచిపోయిందని అల్లుడు గంగులు వీధివీధికీ చెప్పుకుని ఏడ్చాడు. అలాంటి కబుర్లంటే ఊరు చెవి కోసుకుంటుంది, నమ్మేసింది. మూడు నెలలు తిరక్కుండా వాడు ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఇప్పుడు వాడు అమ్మేసిన మెట్టచేలో పాడునుయ్యి పూడిక తీయిస్తే ఎముకలు బయటపడ్డాయి. కూలీలు చూసుకోక సగం మట్టితోపాటు గట్టు మీద పారబోశారు. పోలీసులకు చిక్కినవి పై దవడ ముక్క, కాలి ఎముకలు రెండు. ఈ కాగితం మీద డాక్టరు సంతకం పడితే గంగులు కడిగిన ముత్యం, తవిటమ్మ లేచిపోయిన ముండ. అదీ సంగతి.

"ఆడవాళ్ల కోరపన్ను వెడల్పు తక్కువమ్మా. పుస్తకంలో లెక్క ఉంది. ఇది ఎనిమిది మిల్లీమీటర్లు దాటింది" అన్నాడు డాక్టరు, వెర్నియర్ కాలిపర్స్ పెట్టెలో పెడుతూ. "సంతోషించు. నీ కూతురు ఎక్కడో బతికే ఉందేమో."

సంతోషించాలట. చంకలో పసిపిల్లని వదిలేసి తవిటమ్మ రెండేళ్లు ఎక్కడో బతికి ఉందట. ఆ పిల్ల ఇప్పుడు దాలమ్మని అమ్మా అని పిలుస్తోంది.

"ఆ పుస్తకంలో ఎవుల పళ్లు కొలిసినారు బాబూ?"

"ఎవరివైతేనేం? తెల్లవాళ్లు రాసిన పుస్తకం. వందలమందివి కొలిచే రాశారు."

"మా ఊరోల్లవి కొలిసినారా?"

డాక్టరు విసుక్కున్నాడు. కడప నుంచి బదిలీ మీద వచ్చి ఆయనకింకా నెల్లాళ్లు కాలేదు. పక్కనున్న కానిస్టేబులు అసిరయ్య నేలచూపులు చూశాడు.

దాలమ్మ బల్ల మీదికి వంగి, పై పెదవి వేలితో ఎత్తిపట్టింది.

"నాది కొలు."

"పిచ్చా నీకు?"

"దాన్ని కన్నదాన్ని నాను. నా పన్నే దానికొచ్చినాది. గునపంపళ్లదని దాన్ని అందరూ ఎక్కిరించీవోరు. కొలిసీదాకా కదల్ను."

వదిలించుకుందామని కొలిచాడు. ఒకసారి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ కొలిచాడు. అసిరయ్య తొంగి చూసి చెప్పాడు.

"దానికన్నా ఎక్కువే ఉన్నాది బాబూ."

"అయితే నానూ మగోణ్ణేటి?" దాలమ్మ గొంతు వరండా దాకా వినబడింది. "ఏడుగుర్ని కన్నాను. రాయి ఆ కాయితం మీద, దాలమ్మ మగోడని. రాసి, ఇప్పుడా దవడ తిరగేసి సూడు. పళ్ల ఎనకాతల సూడు."

డాక్టరు తిరగేశాడు. బయటివైపు పచ్చగా ఉన్న పళ్లు లోపలివైపు వంటకుండ అడుగులా మాడిపోయి ఉన్నాయి.

"బురదమరక అనుకున్నాను."

"బురదైతే లోపలేపే అంటుకుంటాదేటి?" దాలమ్మ నోరు బార్లా తెరిచి చూపించింది. అంగిలి, పళ్ల వెనకభాగం, అంతా అదే నలుపు.

అసిరయ్య గొంతు సవరించుకున్నాడు. "అడ్డపొగండి. ఈ పక్క ఆడోల్లు సుట్ట ఎలిగించి నిప్పు నోటిలోపలికి ఎట్టుకుని కాలుస్తారు. మగోల్లం నిప్పు బయటికే ఉంచుతాం."

"పొద్దున్నే చెప్పొద్దా ఆ సంగతి?"

"సదువుకున్నోరు కొలస్తన్నారు గదాని ఊరుకున్నాను బాబూ."

"నోరు పడిపోనాదేటి నీకు?" అంది దాలమ్మ. "నీ యింట్లో ఆడోల్లు కాల్సరా అడ్డపొగ?"

డాక్టరు తను రాసిన కాగితం నిలువునా చింపి, ఇంకోటి తీసి రాయడం మొదలుపెట్టాడు.

"సదువు" అంది దాలమ్మ.

"ఇవి స్త్రీ ఎముకలు" అని చదివాడు. "అడ్డపొగ అలవాటున్న స్త్రీ. కోరపన్ను తవిటమ్మ తల్లి పన్నును పోలి ఉంది." కింద సంతకం చేశాడు. ఆ కాగితం పట్టుకుని అసిరయ్య స్టేషనుకు బయల్దేరాడు. సాయంత్రంలోగా గంగులుని పట్టుకొస్తామని దాలమ్మతో చెప్పి వెళ్లాడు.

రెండేళ్లుగా కూతురు చచ్చిపోయిందని ఊరంతటితో దెబ్బలాడిన మనిషి, లోలోపల ఎక్కడో ఆ మాట అబద్ధమైతే బాగుణ్ణని కోరుకుంటూనే ఉంది. ఇప్పుడు తనే నోరు తెరిచి చూపించి దాన్ని నిజం చేసింది.

దవడ ముక్క కోసం చెయ్యి చాచింది. కోర్టుకు వెళ్లాల్సింది, ఇవ్వకూడదని చెప్పబోయిన డాక్టరు ఆమె మొహం చూసి దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. దాలమ్మ ఆ కోరపన్నుని బొటనవేలితో తుడిచింది. మొహంలో కోపం అలాగే ఉంది.

"ఒసే తవిటీ" అంది, "నువ్వు నిజంగా లేసిపోయున్నా బాగుండునే."